సాల్మన్‌లు గుడ్లు పెట్టే ఏరు: ఎక్కడ నిలబడాలి, ఏం చూడాలి

సాల్మన్ వలస అనగానే అందరికీ కళ్ళముందు మెదిలే బొమ్మ ఒకటే. జలపాతం, గాల్లోకి లేచిన చేప, దాని కోసం నోరు తెరుచుకుని నిలబడ్డ ఎలుగుబంటి. అబద్ధమేమీ కాదు. అలాస్కాలో కట్మై నేషనల్ పార్క్‌లోని బ్రూక్స్ జలపాతం దగ్గర జులైలో ఇది రోజూ జరిగేదే. కానీ ఏటి ఒడ్డున రెండు మూడు గంటలు ఓపిగ్గా కూర్చోగలిగేవాళ్ళకి అంతకంటే పెద్ద సంగతి మోకాలి లోతు నీళ్ళలో, గులకరాళ్ళ మీద దొరుకుతుంది. చాలామంది దాని ముందే నిలబడి, నాలుగు ఫొటోలు తీసుకుని, అది కనపడకుండానే వెళ్ళిపోతారు.

పసిఫిక్ సముద్రానికి ఉత్తర అమెరికా వైపు ఐదు రకాల సాల్మన్‌లున్నాయి: చినూక్, కోహో, సాకై, పింక్, చమ్. ఏట్లో పుట్టడం, సముద్రంలో పెరగడం, పుట్టిన ఏటికే తిరిగొచ్చి గుడ్లు పెట్టి చచ్చిపోవడం, ఐదింటికీ ఇదే బతుకు. అట్లాంటిక్ సాల్మన్‌లలో కొన్ని బతికి మళ్ళీ సముద్రం చేరతాయి. ఈ పసిఫిక్ చేపలకి మాత్రం రెండో విడత లేదు. మంచినీటిలోకి వచ్చాక మేత మానేస్తాయి. ఒంట్లో ఉన్న కొవ్వూ కండా కరిగించుకుంటూనే ఈదుతాయి. సాకై చేపకి ఆ ఎర్రరంగు కూడా కొత్తగా వచ్చింది కాదు. సముద్రంలో తిన్న రొయ్యజాతి జీవుల వల్ల మాంసానికి పట్టిన రంగే ఇప్పుడు చర్మంలోకి మారుతుంది. అందుకే గుడ్లు పెట్టే చోట దొరికిన సాకై బయట ఎర్రగా, లోపల పాలిపోయి ఉంటుంది.

ఎప్పుడు వెళ్ళాలన్నది రకాన్ని బట్టి, ఏటిని బట్టి మారుతుంది. సియాటిల్‌లో పడవల్ని దాటించే నీటి గేట్లు, బల్లార్డ్ లాక్స్ దగ్గర సాకై జూన్ చివర, జులైలో వస్తుంది, చినూక్ ఆగస్టు, సెప్టెంబర్‌లలో, కోహో సెప్టెంబర్, అక్టోబర్‌లలో. కొలంబియా నది మీద బాన్‌విల్ డ్యామ్ దగ్గర చినూక్ రద్దీ సెప్టెంబర్ మొదటి సగంలో ఉంటుంది. కెనడాలోని వాంకూవర్ దీవిలో, విక్టోరియా పక్కనే ఉన్న గోల్డ్‌స్ట్రీమ్ పార్క్‌లో చమ్ చేపలు అక్టోబర్ చివర మొదలై డిసెంబర్ మొదటి దాకా వస్తూనే ఉంటాయి. పింక్‌ది సరిగ్గా రెండేళ్ళ ఆయుష్షు. అందువల్ల కెనడాలోని ఫ్రేజర్ నదిలో అది పెద్ద ఎత్తున కనిపించేది బేసి సంఖ్య సంవత్సరాల్లోనే. సరి సంవత్సరంలో పింక్ కోసం అక్కడికి వెళితే దండగ ప్రయాణం.

ఒక్క చోటు పేరే చెప్పమంటే మాత్రం కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని ఆడమ్స్ నది. సముద్రం నుంచి ఫ్రేజర్ మీదుగా, థాంప్సన్ మీదుగా సుమారు 500 కిలోమీటర్లు ఎదురీది సాకై చేపలు అక్కడికి చేరతాయి. ఇక్కడా సంవత్సరం ముఖ్యం. ఈ చేపల్లో ఎక్కువభాగం నాలుగో ఏట తిరిగొస్తాయి కాబట్టి ఒక మంచి సంవత్సరం పిల్లలు మళ్ళీ నాలుగేళ్ళకి మంచి సంవత్సరాన్ని తెస్తాయి. 2010, 2014, 2018, 2022 అలా వచ్చినవే. ఈ వరసలో తర్వాతది 2026. పెద్ద సంవత్సరం తర్వాతి ఏడాది ఓ మోస్తరుగా ఉంటుంది, ఆ పైన రెండేళ్ళు వెతుక్కోవాలి. చూడటానికి అదను అక్టోబర్ మొదటి మూడు వారాలు. అక్కడి పార్కు పాత మ్యాపుల్లో రోడెరిక్ హెయిగ్-బ్రౌన్ పేరుతో ఉంటుంది. 2018లో దాన్ని చూచ్వెక్‌గా మార్చారు. స్థానిక షుష్వాప్ ప్రజల భాషలో 'ఎన్నో నదులు' అని అర్థం.

చమ్, కోహో చూడాలనుకునేవాళ్ళు క్యాలెండర్‌తోపాటు వానని కూడా చూసుకోవాలి. చిన్న వాగుల్లో నీళ్ళు చాలకపోతే ఈ చేపలు ఏటి ముఖద్వారం దగ్గరే రోజుల తరబడి కాచుకుని ఉంటాయి. మొదటి గట్టి వాన పడి వాగు పెరగ్గానే ఒక్కసారిగా ఎగువకి దూసుకొస్తాయి. వాన కురుస్తున్న రోజు నీళ్ళు బురదగా ఉండి ఏమీ కనపడదు. వాన వెలిసి, నీరు తేరుకున్న రోజు వెళ్ళాలి, వాగు చిన్నదైతే మర్నాడే, పెద్దదైతే రెండు మూడు రోజులకి.

సామాను పెద్దగా అక్కర్లేదు గానీ పోలరైజ్డ్ కళ్ళద్దాలు లేకుండా మాత్రం వెళ్ళొద్దు. మామూలు నల్ల కళ్ళద్దాలు వెలుతురు తగ్గిస్తాయి, అంతే. పోలరైజ్డ్‌వి నీటి మీది తళతళని కోసేసి అడుగు చూపిస్తాయి. తల కాస్త పక్కకి వంచి చూడండి, ఒక కోణంలో నీళ్ళు మాయమైనట్టు అడుగు తేటగా కనపడుతుంది. ఎండ నడినెత్తి మీద ఉండే పది నుంచి రెండు గంటల మధ్య సమయం మేలు. సూర్యుడు మీ వెనకో పక్కనో ఉండాలి, అయితే మీ నీడ మాత్రం నీళ్ళ మీద పడకూడదు. ఆకాశం మొత్తం తెల్లటి మబ్బు కమ్మిన రోజున ఏ కోణం నుంచి చూసినా నీరు వెండి రేకులాగే ఉంటుంది. అలాంటప్పుడు గట్టు మీద ముదురు చెట్ల ప్రతిబింబం పడే చోటు వెతుక్కోవాలి. ఆ చీకటి పట్టీలో అడుగు కనిపిస్తుంది.

చేపకి మీరెలా కనపడతారో కూడా తెలిసుండాలి. నీటి లోపలి నుంచి బయటి ప్రపంచమంతా దాని తల మీద ఒక గుండ్రటి కిటికీలోకి కుదించుకుపోయి ఉంటుంది. ఆ కిటికీ వెడల్పు దాదాపు 97 డిగ్రీలు. ఒడ్డుకి నాలుగడుగులు వెనక్కి జరిగి కిందికి కూర్చుంటే ఆ కిటికీ అంచున నలిగిన గీతలా మిగులుతారు. గట్టు చివర నిటారుగా నిలబడి చెయ్యి చాపి చూపిస్తే ఆకాశంలోంచి దిగుతున్న గద్ద అనుకుంటుంది. మాటలకి అంతగా బెదరవు, కానీ కంకర మీద బూట్ల చప్పుడు నేలలోంచి నీళ్ళలోకి పాకుతుంది. కదలకుండా పది నిమిషాలు కూర్చుంటే చెదిరిన చేపలు వాటి చోటికి అవే వచ్చేస్తాయి. కోహోకి ఈ పది నిమిషాలు చాలవు. ఐదింట్లోనూ పిరికిది అదే, కూలిన దుంగల కిందా, గట్టు కోసుకుపోయిన నీడలోనూ దాక్కుంటుంది.

ఇప్పుడు గులకరాళ్ళ దగ్గరికి. ఏరు మడుగులా నిలిచి, ఆ మడుగు తోక దగ్గర నీరు మళ్ళీ పలచబడి గలగలా పారడం మొదలయ్యే చోటు పట్టుకోండి. అక్కడ నీరు అడుగునున్న కంకర సందుల్లోకి దిగుతూ ఉంటుంది. గుడ్లకి కావలసిన ఆక్సిజన్ ఆ దారినే వస్తుంది. నిమ్మకాయంత నుంచి గుప్పెడంత రాళ్ళుండే చోట, పాచిపట్టి గోధుమరంగులో ఉన్న అడుగు మధ్యలో తెల్లగా, కడిగినట్టు మెరుస్తున్న మచ్చ కనపడితే అదే గూడు. పొడవు ఒకటి రెండు మీటర్లు. ఎగువ వైపు పల్లం, దిగువ వైపు చిన్న కుప్ప. అక్కడివాళ్ళు దీన్ని 'రెడ్' అంటారు. చేప రంగుకీ ఈ పేరుకీ సంబంధం లేదు.

గూడు కట్టేది ఆడచేప ఒక్కతే. మగవాటి వేషం చూసి మోసపోకండి. కొక్కెంలా వంగిన మూతి, బయటికి పొడుచుకొచ్చిన పళ్ళు, పింక్ మగవాటికైతే వీపు మీద మూపురం, ఇవన్నీ కుస్తీకోసం పెరిగినవి. చూపు ఆడచేప మీదే ఉంచండి. పక్కకి ఒరిగి, ఒళ్ళంతా నీటి మట్టానికి అడ్డంగా పడుకోబెట్టి, తోకతో అడుగుని నాలుగైదుసార్లు టపటపా కొడుతుంది. ఒరిగిన క్షణంలో దాని పక్కభాగం తళుక్కుమంటుంది. దూరం నుంచి కనపడే మొదటి గుర్తు ఈ మెరుపే. తోక రాళ్ళని తోస్తుందనుకుంటాం గానీ ఎక్కువ పని చేసేది తోక పైకి లేచినప్పుడు పుట్టే పీల్పు. రాళ్ళు ఆ పీల్పుకి లేస్తాయి, ప్రవాహం వాటిని ఒకటి రెండడుగులు దిగువకి తోస్తుంది, మట్టి కొట్టుకుపోతుంది. అయినా రాళ్ళు తగలక మానవు. రెండు మూడు రోజులు తవ్విన చేపకి తోక అంచులు అరిగి తెల్లటి ఎముకలు బయటపడతాయి. ఒంటి రంగు ఇంకా తాజాగా ఉండి తోక మాత్రం తెల్లబడిందంటే అది పనిలో ఉన్న ఆడచేప. అక్కడే కూర్చోండి.

తవ్వుతూ తవ్వుతూ మధ్యలో అది గుంట పైకొచ్చి ఆగి, పొట్ట కింది వెనక రెక్కని గుంటలోకి దించి చూసుకుంటుంది. లోతు కొలుచుకోవడమన్నమాట. మొదట్లో ఇలా కొలిచి మళ్ళీ తవ్వకానికి పోతుంది. కొలవడాలు దగ్గర దగ్గరగా వస్తున్నాయంటే సమయం దగ్గరపడింది. పక్కన పెద్ద మగచేప ఒకటి కాపలా కాస్తూ ఉంటుంది. దిగువన నాలుగైదు మగవి వరస కట్టి ఉంటాయి. పెద్దది వెనక్కి తిరిగి వాటిని తోక మొదట్లో కరిచి తరిమేస్తుంది. మధ్యమధ్యలో ఆ పెద్ద మగచేప ఆడచేప పక్కకొచ్చి ఒళ్ళు జలదరించినట్టు వణుకుతుంది. ఈ హడావుడిలో, రాళ్ళ పక్కనే, జానెడు జానెడున్నర చిన్న మగచేపలు కూడా ఉంటాయి. చినూక్, కోహోలలో వీటిని 'జాక్' అంటారు. తోటివాటికంటే ఏడాది, అంతకన్నా ముందే తిరిగొచ్చినవి. కొట్లాటలో గెలవలేవు కాబట్టి దొంగచాటుగా పని కానిస్తాయి.

అసలు ఘట్టం కొన్ని సెకన్లే. ఆడచేప గుంటలో కూర్చుండిపోయినట్టు దిగుతుంది, మగచేప ఒంటికి ఒళ్ళు ఆనిస్తుంది, రెండూ వణుకుతూ నోళ్ళు బార్లా తెరుస్తాయి. నోరు తెరవడమే మీకు గుర్తు. గుడ్లు కనపడకపోవచ్చు, అవి గుంట అడుగుకి జారిపోతాయి. పాలు కలిపినట్టు తెల్లటి మేఘం ఒకటి లేచి దిగువకి సాగిపోతుంది. అదే క్షణంలో పక్కనున్న చిన్న మగవి రాయిలా వచ్చి దూరతాయి. ఇంత తొందర ఎందుకంటే మంచినీటిలో పడ్డ వీర్యం పనిచేసేది నిమిషం లోపే. ఒక్కోసారి ఆడచేప అంతా చేసి చివర్లో లేచిపోతుంది, మగచేప మోసపోతుంది. అప్పుడు జరిగిందా లేదా అన్నది ఆ తర్వాత ఆడచేప ఏం చేస్తుందో చూస్తే తెలుస్తుంది. నిజంగా గుడ్లు పడి ఉంటే విశ్రాంతి తీసుకోదు. వెంటనే గుంటకి కాస్త ఎగువకి జరిగి, మునుపటికంటే మెల్లని, దగ్గర దగ్గర దెబ్బలతో సన్నరాళ్ళని గుడ్ల మీదికి దించుతుంది. మూయడం మొదలైందంటే పెట్టినట్టే. ఆ తవ్వకమే పై గుంటకి ఆరంభం కూడా. ఇలా ఒక గూటిలో వరసగా నాలుగైదు గుంటలు, ఎగువకి ఎగువకి జరుగుతూ. సాకై ఆడచేప దగ్గర మొత్తం గుడ్లు రెండు వేల నుంచి నాలుగున్నర వేల దాకా ఉంటాయి. జానెడు, అంతకు పైన మందంలో కంకర కింద పడుకుంటాయి.

ఇదంతా అయ్యాక ఆడచేప చచ్చేదాకా గూటి మీదే కాపలా ఉంటుంది. కారణం లేకపోలేదు. ఆలస్యంగా వచ్చిన ఇంకో ఆడచేప అదే చోటు ఎంచుకుంటే పాత గుడ్లన్నీ తవ్వి పారేస్తుంది. పెద్ద సంవత్సరాల్లో ఆడమ్స్ నదిలో ఇది మామూలే. నీళ్ళలో దొర్లుతూ పోతున్న నారింజరంగు గుడ్లు కనపడితే, వాటిని ఏరుకు తింటున్న ట్రౌట్ చేపలు కనపడితే, పైన ఎక్కడో ఒక గూడు చెదిరిందన్నమాట.

ఎగిరే చేపలు కావాలనుకునేవాళ్ళకీ నాలుగు మాటలు. చేప పరుగెత్తుకొచ్చి దూకదు. జలపాతం కింద నీరు పడి, బుడగలై, మళ్ళీ పైకి పొంగే చోటు ఒకటుంటుంది. ఆ పొంగుని ఆసరా చేసుకుని లేస్తుంది. కింద మడుగు లోతు తక్కువైతే ఎంత బలమైన చేపకైనా చేతకాదు. జలపాతం ఎత్తుకి ఒకటింబావు రెట్లు లోతుండాలని చేపల దారులు కట్టే ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు. కాబట్టి కెమెరాని పై అంచుకి కాకుండా ఆ పొంగుకి ఒక అడుగు పైన ఫోకస్ చేసి వదిలెయ్యండి, షటర్ సెకనులో వెయ్యో వంతు. దూకి కింద పడుతున్నవన్నీ ఓడిపోయినవే అనుకోకండి. అదే సమయంలో పక్కన పలచగా జారే నీటిలో చప్పుడు లేకుండా ఈదుకుంటూ ఎక్కేస్తున్నవి ఉంటాయి. వాటివైపు ఎవరూ చూడరు.

చేపల నిచ్చెనలు, అంటే ఆనకట్టల దగ్గర చేపలు ఎక్కడానికి కట్టిన నీటి మెట్లు, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి మంచివి. బల్లార్డ్‌లో 21 మెట్ల నిచ్చెన, నేల కింద గాజు కిటికీలు ఉన్నాయి. చేప ముఖం అర మీటరు దూరంలో కనపడుతుంది. ఏట్లో పుట్టిన అడవి చేపకీ, గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే హ్యాచరీ చేపకీ తేడా నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. వీపు రెక్కకీ తోకకీ మధ్య వేలిగోరంత మెత్తటి చిన్న రెక్క ఒకటుంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో హ్యాచరీల నుంచి వదిలే కోహో, చినూక్ పిల్లల్లో ఎక్కువ వాటికి దాన్ని కత్తిరించి వదులుతారు. అది ఉంటే అడవిది అయ్యే అవకాశం ఎక్కువ, లేకపోతే హ్యాచరీదే. బాన్‌విల్ దగ్గర కిటికీ వెనక కూర్చుని చేపల్ని రకం వారీగా లెక్కపెట్టే ఉద్యోగులే ఉన్నారు. ఆ లెక్కలు రోజూ బయటపెడతారు. బయలుదేరే ముందు గడచిన వారం అంకెలు చూసుకుంటే రద్దీ పెరుగుతోందో తరుగుతోందో తెలిసిపోతుంది.

దారి ఎలా తెలుస్తుందన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. సముద్రంలో భూమి అయస్కాంత క్షేత్రం, ఏటి దగ్గరికొచ్చాక వాసన. వాసన సంగతిని 1951లో ప్రతిపాదించింది విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్థర్ హాస్లర్, వారెన్ విస్బీ. ఆ తర్వాత హాస్లర్ బృందం కోహో పిల్లల్ని మార్ఫోలిన్ అనే రసాయనం కలిపిన నీటిలో పెంచి మిషిగన్ సరస్సులో వదిలింది. పెద్దయ్యాక అవి మార్ఫోలిన్ చుక్కలు వేసిన వాగునే వెతుక్కుంటూ వచ్చాయి.

దారిలో ఏం చెడుతుందంటే, ముందుగా వేడి. నీరు 18 డిగ్రీలు దాటితే చేప అలిసిపోతుంది, 20 దాటితే చాలా చోట్ల వలసే ఆగిపోతుంది. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ, జబ్బులు ఎక్కువ, కొవ్వు ఖర్చూ ఎక్కువే. ఇక రాళ్ళు. 1914లో రైలుమార్గం పనుల వల్ల హెల్స్ గేట్ దగ్గర కొండ విరిగి ఫ్రేజర్ ఇరుకైపోతే, చేపలకి సరైన దారి కట్టింది 1945, 46లలో. 2018 చివర్లో అదే నది మీద బిగ్ బార్ దగ్గర మళ్ళీ కొండ విరిగింది, ఎవరూ లేని చోటు కావడంతో బయటపడింది 2019 జూన్‌లో. అప్పుడు చేపల్ని హెలికాప్టర్లలో ఎత్తి పైకి దించారు. సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లో కోహోది వేరే కథ. కడుపునిండా గుడ్లతో, ఒక్కటీ పెట్టకుండానే, వాన పడ్డ కొన్ని గంటల్లో గిలగిలా కొట్టుకుని చచ్చేవి. కారకుడు దొరికింది 2020లో: టైర్లు పగలకుండా కలిపే 6పీపీడీ అనే పదార్థం గాలికి మారి పుట్టే క్వినోన్ అనే విషం. అదే వాగులో చమ్‌కి దాని వల్ల పెద్దగా ఏమీ కాదు. రోడ్డు నీటిని ఇసుక, కంపోస్టు పొరల గుండా వడకట్టి వదిలితే కోహో బతుకుతుందని పరీక్షల్లో తేలింది.

మనుషుల వల్ల జరిగే చేటుల్లో సులభంగా ఆపగలిగేది బూటు. గుడ్డులో కళ్ళు నల్లచుక్కల్లా కనపడే దశ వచ్చేదాకా చిన్న కుదుపుకే లోపలి పిండం చచ్చిపోతుంది. ఫొటో కోసం ఏట్లో దిగి ఆ తెల్లటి మచ్చ మీద కాలేస్తే కింద వందల గుడ్లు పోతాయి, పైకి ఏమీ కనపడదు. గూళ్ళు చూడటం ఇంకా చేతకానివాళ్ళు నీటిలో కాలు పెట్టకపోవడమే మంచిది. అక్టోబర్ నుంచి వసంతం దాకా అడుగున గుడ్లో, పచ్చసొన సంచి ఇంకా కరగని పిల్లలో ఉన్నట్టే లెక్క.

కుక్కని తీసుకెళ్ళేవాళ్ళు పగ్గం వదలొద్దు. ఉత్తర కాలిఫోర్నియా నుంచి దక్షిణ బ్రిటిష్ కొలంబియా దాకా పచ్చి సాల్మన్ తిన్న కుక్కకి ప్రాణాంతకమైన జబ్బు వస్తుంది. చేపలో ఉండే ఒక పురుగు, ఆ పురుగులో ఉండే బ్యాక్టీరియా దీనికి మూలం. వారం తిరిగేలోపు జ్వరం, వాంతులు మొదలవుతాయి. చేప తిన్న సంగతి డాక్టర్‌కి చెబితే మందులతో తగ్గుతుంది, దాచుకుని ఊరుకుంటే కుక్క దక్కదు. ఎలుగుబంట్లున్న ఏటికి వెళితే 100 మీటర్ల దూరం, వంపుల దగ్గర చప్పుడు చేస్తూ నడవడం, తిండి సామాను ఒడ్డున వదలకపోవడం.

కంపు గురించి ఎవరూ ముందుగా చెప్పరు. నవంబర్‌లో గోల్డ్‌స్ట్రీమ్ ఒడ్డున ముక్కు మూసుకోవాల్సి వస్తుంది. శవాల్ని కదపొద్దు, అవి ఏటి సొత్తు. గద్దలు, ఎలుగులు అడవిలోకి ఈడ్చుకుపోయిన వాటి నుంచి సముద్రపు నైట్రోజన్ ఒడ్డునున్న చెట్లకి చేరుతుందని కొలిచి చూపించారు. తోక సగానికి నరికిన చేపలు కనపడితే కంగారుపడకండి. అది చేపల్ని లెక్కపెట్టేవాళ్ళ పని, ఒకే శవాన్ని రెండోసారి లెక్కపెట్టకుండా. పొట్ట కోసి ఉంటే, గుడ్లు పెట్టి చచ్చిందా పెట్టకుండా చచ్చిందా అని చూశారన్నమాట.

ఆ గుడ్ల సంగతి తెలుసుకోవాలనుంటే వసంతంలో మళ్ళీ వెళ్ళొచ్చు, కానీ సాకై, చమ్ పిల్లలు కంకరలోంచి రాత్రిపూట లేచి, చీకట్లోనే దిగువకి జారిపోతాయి. పగలు వెళ్ళినవాళ్ళకి దొరికేది ఎక్కువగా కోహో పిల్లలే, అవి ఏడాదిపాటు ఏట్లోనే ఉంటాయి. గట్టు వారన, దుంగ చాటున, నీరు నిలిచినట్టుండే చోట చూడండి. పొడవు అంగుళం, పక్కలకి నిలువు చారలు, ఎగువకే ముఖం పెట్టి కదలకుండా నిలబడి ఉంటాయి.